కారం మిల్లుకి డ్రైవ్ పెట్టినా బిల్లు తగ్గలేదేం?

మోటార్లు, డ్రైవ్‌ల మీద పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేవారు. ఆయన చుట్లు లెక్కపెడుతున్నంతసేపూ షాపులో రేడియో ఆపేయాలి, ఎవరూ మాట్లాడకూడదు. లెక్క తప్పితే కాయిలు మొత్తం విప్పి మళ్లీ చుట్టాల్సిందే. వార్నిష్ వాసనలోనే పెరిగాను. డిప్లొమా అయ్యాక అదే షాపులో ఒక మూల బల్ల వేసుకుని డ్రైవ్‌లు బాగుచేయడం మొదలుపెట్టాను. డ్రైవ్ అంటే, లైనులో 50 హెర్ట్జ్‌గా వచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె. ఇరవై రెండేళ్లయింది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. ఆ ప్రశ్న షాపుకొచ్చి వారానికి ఒకరైనా అడుగుతున్నారు, అడిగేసరికే డబ్బు ఖర్చయిపోయి ఉంటోంది.

ప్రశ్న: మాకు కారం మిల్లు ఉంది. 15 హార్స్ పవర్ మోటారు, స్టార్ డెల్టా స్టార్టర్ మీద నడిచేది. డ్రైవ్ పెడితే కరెంటు బిల్లు మూడో వంతు తగ్గుతుందని చెప్పి పెట్టించారు. నాలుగు నెలలైంది, బిల్లులో తేడా లేదు. పైగా మే నెలలో రెండుసార్లు ఆగిపోయింది. తీసేయమంటారా?
— మిల్లు యజమాని, గుంటూరు

జవాబు: తీసేయకండి. డ్రైవ్ మంచిదేనండీ, బిల్లు తగ్గుతుందన్న మాటే మీ మిల్లుకి వర్తించదు.

మోటారు తనంతట తాను కరెంటు తినదు. షాఫ్టుకి అవతల తగిలించింది ఎంత అడిగితే అంత లాగుతుంది. అందుకే ఎవరొచ్చినా, మోటారు ఎన్ని హార్స్ పవర్ అనే ముందు అది దేన్ని తిప్పుతోందని అడుగుతాను. మీ మర మిరపకాయని సుత్తులతో కొట్టి పొడి చేస్తుంది. ఆ సుత్తులకి వేగమే బలం. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించారనుకోండి, దెబ్బలో పస తగ్గుతుంది. కాయ జల్లెడలోంచి దిగక లోపలే తిరుగుతుంటుంది. గంటలో అయ్యే పని గంటన్నర పడుతుంది. బస్తాకి అయ్యే యూనిట్లు తగ్గవు, ఒక్కోసారి పెరుగుతాయి కూడా. పని సాగక మీ మిల్లు కుర్రాళ్లు మళ్లీ 50కి పెట్టే ఉంటారు. అలా ఎప్పుడూ 50 మీద నడిచే డ్రైవ్ ఏమీ మిగల్చదు. పైగా నూటికి రెండు మూడు వంతులు తన ఒంట్లోనే వేడిగా పోగొడుతుంది.

మరి మూడో వంతు మిగులుతుందన్న మాట ఎక్కడ పుట్టింది? ఫ్యాన్ల దగ్గర, కొన్ని రకాల పంపుల దగ్గర. గాలిని తోసే ఫ్యాన్‌కి కావలసిన పవర్, వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం 80 శాతానికి దించితే పవర్ 0.8ని మూడుసార్లు గుణించినంత, అంటే దాదాపు 51 శాతం. గాలి తగ్గింది ఐదో వంతు, కరెంటు తగ్గింది సగం. మీ మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో ఒకదానికి నేనే డ్రైవ్‌లు బిగించాను. సరుకు దింపే రోజుల్లో కాయ చల్లబడేదాకా ఫ్యాన్లు పూర్తి వేగంలో తిరగాలి. ఆ తర్వాత నెలల తరబడి ఆ చల్లదనాన్ని నిలుపుకుంటే చాలు, అంత గాలి అక్కర్లేదు. మేము 40 హెర్ట్జ్‌కి దించినప్పుడు కిలోవాట్ల అంకె సగానికి పడిపోవడం చూసి, అక్కడి ఆపరేటరు మీటరు పాడైందనుకుని ఇంకో మీటరు తెప్పించి చూశాడు. స్పిన్నింగ్ మిల్లుల్లో తేమ గాలి కొట్టే ఫ్యాన్లదీ ఇదే లెక్క. పంపుల్లో మాత్రం జాగ్రత్త. వాల్వు సగం మూసి నడిపే పంపుకి డ్రైవ్ బాగా పనిచేస్తుంది. లోతు నుంచి నిలువుగా నీళ్లు ఎత్తే బోరు మోటారుని మరీ నెమ్మదిగా తిప్పితే కరెంటు ఖర్చవుతుంది గానీ నీళ్లే పైకి రావు.

మీ మిల్లులో డ్రైవ్ వల్ల లాభం లేదని కాదు. మోటారుని నేరుగా లైనుకి తగిలిస్తే స్టార్టింగ్‌లో మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. స్టార్ డెల్టాలో కాయిళ్లని ముందు స్టార్‌గా, అంటే ఒక చివరలన్నీ ఒకే ముడికి కలిపి లేపుతారు, తర్వాత డెల్టాగా, అంటే త్రికోణంలా ఒకదాని చివర ఇంకోదానికి కలిపి నడుపుతారు. దాంతో స్టార్టింగ్ కరెంటు మూడో వంతుకి తగ్గుతుంది, కానీ తిప్పే బలం కూడా మూడో వంతే అవుతుంది. స్టార్ నుంచి డెల్టాకి మారే క్షణంలో ఒక కుదుపు ఉంటుంది. మీ పాత బెల్టులు ఎందుకు అంత తొందరగా తెగేవో ఆ కుదుపుని అడగాలి. డ్రైవ్ అయితే సున్నా నుంచి మెల్లగా వేగం పెంచుతూ, మామూలు ఆంపియర్లకి కాస్త అటూ ఇటూగా మోటారుని లేపుతుంది. బెల్టులు, బేరింగులు ఎక్కువ కాలం వస్తాయి.

ఇంకో మాట, మీ ఉత్తరంలో మీరు అడగనిది. కారం మిల్లులో కరెంటు వృథా అయ్యేది ఎక్కువగా కాయ వేసే తీరులో. మనిషి చేటతో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వేస్తుంటాడు. ఎక్కువైనప్పుడు మోటారు మూలుగుతుంది, తక్కువైనప్పుడు 15 హార్స్ పవర్ మోటారు ఊరికే తిరుగుతుంది. కాయని లోపలికి నెట్టే స్క్రూ ఫీడర్ ఒకటి పెట్టి, దాని అర హార్స్ పవర్ మోటారుకి చిన్న డ్రైవ్ బిగించండి. పెద్ద మోటారు ఆంపియర్లు పెరిగితే ఫీడర్ నెమ్మదించాలి, తగ్గితే వేగం అందుకోవాలి. మీ మోటారు పూర్తి లోడు మీద దాదాపు 21 ఆంపియర్లు. దాన్ని రోజంతా 18, 19 దగ్గర నిలబెట్టగలిగితే అదే కరెంటుకి ఎక్కువ బస్తాలు దిగుతాయి. నా చేతిలో ఉంటే ఆ ఖర్చు ముందు ఫీడర్ మీద పెట్టించేదాన్ని.

మే నెలలో ఆగిపోవడానికి కారణం ఎండ, కారం. చాలా డ్రైవ్‌లు తమ మీద రాసిన పూర్తి ఆంపియర్లు 40 డిగ్రీల వరకే ఇస్తాయి. గుంటూరు ఎండలో రేకుల షెడ్డు, అందులో ఇనప ప్యానెల్, లోపల వేడి ఎంతుంటుందో మీకు తెలుసు. కారం మిల్లుల ప్యానెల్ తలుపు తీస్తే నాకు ముందు తుమ్ములు వస్తాయి, డ్రైవ్ వెనక అల్యూమినియం రెక్కల మధ్య ఎర్రగా గడ్డకట్టి ఉంటుంది. గాలి ఆడకపోతే అది వేడెక్కి తనంతట తాను ఆగుతుంది. ఆగడమే దాని మంచితనం. ప్యానెల్‌ని దంచే గదిలోంచి తీసి, మధ్యాహ్నం ఎండ తగలని గోడకి మార్చండి. నెలకోసారి బ్లోయర్ కొట్టించండి.

కొట్టించే ముందు ఒక్కటి. మెయిన్ ఆపిన వెంటనే డ్రైవ్ మూత తీయనివ్వకండి. లోపలి కండెన్సర్లలో 580 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. ఆరేళ్ల కిందట మా షాపు కుర్రాడు ఒక మిల్లులో మెయిన్ దించి, అర నిమిషం ఆగకుండా స్క్రూడ్రైవర్ పెట్టాడు. నిచ్చెన మీంచి విసిరేసినట్టు పడ్డాడు, భుజం ఎముక విరిగింది. బతికాడు. పంపేటప్పుడు నేను చెప్పి పంపాల్సింది, చెప్పలేదు. అప్పటి నుంచి మా షాపులో రూలు: మెయిన్ ఆపాక పది నిమిషాలు గడియారం చూసుకుని ఆగాలి, ఆ తర్వాత డీసీ ప్లస్, మైనస్ మధ్య మీటరు పెట్టి చూడాలి, అప్పుడే చెయ్యి.

ప్రశ్న: కాలవ మీద 5 హార్స్ పవర్ మోనోబ్లాక్ మోటారు ఉంది. ఈ ఏడాది రెండుసార్లు కాలిపోయింది. వైండింగ్ చేసినతను మంచి తీగే వేశానంటాడు. డ్రైవ్ పెడితే కాలకుండా ఉంటుందా?
— రైతు, దుగ్గిరాల

జవాబు: అన్నయ్యగారూ, ఈసారి మోటారు కాలితే విప్పగానే పాత కాయిళ్లని పారేయనివ్వకండి, వాటి రంగు చూడండి. కాయిళ్లన్నీ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడు, లేదా లో వోల్టేజి. మూడు ఫేజుల కాయిళ్లలో ఒక ఫేజువి మాత్రమే మాడి, మిగతా రెండూ బంగారు రంగులోనే ఉంటే ఒక లైను పోయినా మోటారు నడిచిందని అర్థం. మీ 5 హార్స్ పవర్ మోటారు డెల్టాలో ఉంటుంది కాబట్టి ఒక వంతు మాడుతుంది. స్టార్‌లో ఉండే చిన్న మోటార్లయితే రెండు వంతులు మాడి, ఒక వంతు బాగుంటుంది. మా నాన్న కాలిన మోటారు చూసి, పొలంలో ఏం జరిగిందో ఇక్కడ కూర్చునే చెప్పేవారు.

తిరుగుతున్న మోటారుకి ఒక ఫేజు పోతే ఆగిపోదు. మిగిలిన రెండింటి నుంచి 1.7 రెట్ల దాకా లాగి పని కానిస్తుంది. ఆగి ఉన్న మోటారైతే తిరగదు, హుమ్ అని మూలుగుతూ నిమిషాల్లో మాడిపోతుంది. మీ స్టార్టర్‌లో ఆంపియర్లు మించితే మోటారుని ఆపే రిలే ఉంటుంది, అది దీన్ని ఆపాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరైనా దాన్ని తప్పించి డైరెక్ట్ చేశారేమో చూడండి, లేదా ముల్లు చివరిదాకా తిప్పేశారేమో చూడండి. నేమ్ ప్లేటు మీద ఎన్ని ఆంపియర్లుంటే అంతకే పెట్టాలి, మీదానికి 7, 7.5 దరిదాపుల్లో ఉంటుంది. దానికి తోడు, ఒక లైను పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించండి. దాని ఖరీదు ఒక రీవైండింగ్ కూలిలో కొంతే.

డ్రైవ్ మీకు అవసరం లేదు. పొలం గట్టున ఎండకీ పిడుగులకీ అది నిలబడటం కష్టం, మీరు వేగం మార్చేది కూడా లేదు.

ఆటో స్టార్టర్లు వాడే రైతులందరికీ ఒక మనవి. కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి కుంగిపోతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే మోటారు తిప్పే బలం దాదాపు ఇరవై శాతం తగ్గుతుంది. ఆటో స్టార్టర్‌లో టైమర్ ఉంటుంది. పక్క చేలవాళ్లు, మీరు మాట్లాడుకుని ఒకరు ఒక నిమిషం, ఒకరు రెండు నిమిషాలు, ఇంకొకరు మూడు పెట్టుకోండి.

ప్రశ్న: డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎలక్ట్రిక్ డ్రైవ్ అంటే సోర్స్, పవర్ మాడ్యులేటర్, మోటారు, లోడు, కంట్రోల్ యూనిట్ అని డబ్బాల బొమ్మ బట్టీ పట్టాను. నిజంగా లోపల ఏం జరుగుతుందో అర్థం కావడం లేదు. వేగం కోసం ఫ్రీక్వెన్సీ తగ్గిస్తారు సరే, వోల్టేజి కూడా ఎందుకు తగ్గించాలి?
— విద్యార్థి, విజయవాడ

జవాబు: బాబూ, ఒక రోజు ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని విజయవాడ స్టేషన్‌కి వెళ్లు. డబ్ల్యూఏపీ-7 ఇంజను కట్టిన రైలు కదిలేటప్పుడు ఇంజను పక్కన నిలబడి విను. సంగీతంలో స్వరాలు ఒక్కొక్క మెట్టూ ఎక్కినట్టు ఒక ఊళ వినిపిస్తుంది. నీ పుస్తకంలోని డబ్బాల బొమ్మ పనిచేస్తున్న చప్పుడు అది.

పైన తీగలో ఉన్నది 25,000 వోల్టులు, 50 హెర్ట్జ్, సింగిల్ ఫేజు. అది సోర్స్. ఇంజనులో ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దించుతుంది, కన్వర్టర్ డీసీ చేస్తుంది, ఇన్వర్టర్ ఆ డీసీని ముక్కలు ముక్కలుగా తుంచి కావలసిన ఫ్రీక్వెన్సీ ఉన్న త్రీ ఫేజు చేస్తుంది. ఇదే పవర్ మాడ్యులేటర్. ఆ త్రీ ఫేజు ఇరుసుల దగ్గరున్న ఆరు ఇండక్షన్ మోటార్లకి వెళ్తుంది, అన్నీ కలిపి 6,000 హార్స్ పవర్‌కి పైనే. డ్రైవరు హ్యాండిల్ తిప్పడం కంట్రోల్ యూనిట్‌కి ఇచ్చే ఆజ్ఞ. లోడు నీ కళ్ల ముందే ఉంది, ఇరవైకి పైగా పెట్టెలు. కారం మిల్లు గోడకి తగిలించే డ్రైవ్‌లో కూడా ఇవే మెట్లు: ముందు ఏసీని డీసీ చేసే డయోడ్లు, మధ్యలో కండెన్సర్లు, చివర ఆ డీసీని తుంచే ఆరు ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు.

పాత ఇంజన్లలో డీసీ మోటార్లుండేవి. డీసీ మోటారు వేగం మార్చడం తేలిక, వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది. 1891లోనే వార్డ్ లియోనార్డ్ అనే ఆయన ఒక మోటారుతో జనరేటర్ తిప్పి, దాని వోల్టేజి మారుస్తూ ఇంకో మోటారు వేగాన్ని అదుపు చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. లిఫ్టులు, రోలింగ్ మిల్లులు దశాబ్దాల పాటు అలాగే నడిచాయి. ఇబ్బందల్లా తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లూ కమ్యుటేటరూ. అవి అరుగుతాయి, నిప్పు రవ్వలు వస్తాయి. ఇండక్షన్ మోటారులో అరిగే బ్రష్ లేదు, కానీ అది ఫ్రీక్వెన్సీ మాటే వింటుంది. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారుకి 50 హెర్ట్జ్ ఇస్తే లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది, రోటరు, అంటే లోపల తిరిగే భాగం, దానికి కాస్త వెనకబడి 1,440 దగ్గర తిరుగుతుంది. ఆ వెనకబాటే స్లిప్. అది లేకపోతే రోటరులో కరెంటు పుట్టదు, బలమూ పుట్టదు. ఫ్రీక్వెన్సీని చవగ్గా మార్చగలిగే స్విచ్‌లు వచ్చాకే ఈ మోటారు డీసీ మోటారు చోటుని తీసుకోగలిగింది.

ఇక వోల్టేజి సంగతి. మోటారు ఇనుములో ఉండే ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం), వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగించినదాన్ని బట్టి ఉంటుంది. 415ని 50తో భాగించు, 8.3 వస్తుంది. ఆ ఇనుము అంత ఫ్లక్స్‌కే తయారైంది. 25 హెర్ట్జ్‌కి దించి 415 వోల్టులే ఉంచితే ఆ అంకె 16.6 అవుతుంది. ఇనుము అంత ఫ్లక్స్‌ని పట్టలేదు, నిండిపోతుంది. అప్పుడు కరెంటు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి మోటారు అరుస్తుంది, కాలుతుంది. అందుకని 25 హెర్ట్జ్‌కి 207 వోల్టులే ఇస్తాం. 50 దాటి పైకి వెళ్తే? వోల్టేజి 415కి మించి పెంచలేం, ఫ్లక్స్ పలచబడుతుంది, వేగం పెరుగుతుంది గానీ బలం తగ్గుతుంది. పరీక్షలో ఈ గ్రాఫు అడుగుతారు. బట్టీ పట్టకు, ఈ నాలుగు అంకెలు వేసుకుని నువ్వే గీయి.

నెమ్మదిగా తిప్పేటప్పుడు ఇంకో సంగతి పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మోటారు వెనక ఫ్యాన్ కూడా ఆ షాఫ్టు మీదే ఉంది. 15 హెర్ట్జ్ మీద పూర్తి బరువు లాగిస్తే, వేడి తగ్గదు, గాలి తగ్గుతుంది. నా షాపుకి డ్రైవ్ మీద కాలి వచ్చే మోటార్లలో చాలా వాటి కథ ఇదే. అలాంటి చోట విడిగా ఇంకో ఫ్యాన్ పెట్టాలి.

ప్రశ్న: మా అపార్టుమెంటు పాత లిఫ్టుకి కొత్త డ్రైవ్ బిగించారు. కుదుపు పోయింది. కానీ మెషిన్ రూములో గోడకి జాలీ డబ్బా ఒకటి పెట్టారు, అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. షార్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— అసోసియేషన్ కార్యదర్శి, మొగల్రాజపురం

జవాబు: లిఫ్టు నడుస్తున్నప్పుడు వేడెక్కితే అది దాని పని. లిఫ్టుకి అవతల కట్టిన బరువు, ఖాళీ పెట్టెకి పూర్తి లోడులో సగం దాకా కలిపినంత ఉంటుంది. అందుకని ఖాళీ లిఫ్టు పైకి వెళ్లేటప్పుడు, నిండు లిఫ్టు కిందికి దిగేటప్పుడు మోటారు లాగాల్సిన పని లేదు, ఆపాల్సిన పని ఉంది. అప్పుడు మోటారు జనరేటర్ అవుతుంది. ఆ కరెంటు డ్రైవ్‌లోకి తిరిగొస్తుంది, ముందున్న డయోడ్లు దాన్ని లైనులోకి పోనివ్వవు. డీసీ వోల్టేజి పెరిగిపోకుండా డ్రైవ్ ఆ కరెంటుని జాలీ డబ్బాలోని రెసిస్టర్‌లోకి పంపి వేడి చేసి పోగొడుతుంది. ఇందాక చెప్పిన రైలింజనులో బ్రేకు వేసినప్పుడు పుట్టే ఇలాంటి కరెంటు పై తీగలోకి తిరిగి వెళ్తుంది.

ఆ డబ్బా మీద, పక్కన పాత పేపర్లు, పెయింటు డబ్బాలు, గుడ్డలు పెట్టనివ్వకండి. చాలా మెషిన్ రూములు స్టోరు రూముల్లా ఉంటున్నాయి, అది నాకు నిజంగా భయం. ఒక గుర్తు పెట్టుకోండి: లిఫ్టు గంట నుంచి కదలకపోయినా ఆ డబ్బా వేడిగానే ఉంటే లోపలి స్విచ్ షార్టయిందని అర్థం. వెంటనే మెయిన్ దించి, లిఫ్టు మనిషిని పిలవండి.

ప్రశ్న: ఇంట్లో సింగిల్ ఫేజే ఉంది. తెలిసినవాళ్లు 2 హార్స్ పవర్ త్రీ ఫేజు మోటారున్న పిండి మర తక్కువకి ఇస్తామంటున్నారు. నడుస్తుందా?
— గృహిణి, తెనాలి

జవాబు: నడుస్తుందమ్మా. సింగిల్ ఫేజు తీసుకుని త్రీ ఫేజు ఇచ్చే చిన్న డ్రైవ్‌లు ఉన్నాయి. అయితే అది ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజు, 415 కాదు. ఆ సైజు మోటారు మామూలుగా 415కి స్టార్‌లో కట్టి ఉంటుంది. దాన్ని డెల్టాకి మార్పించాలి. కొనే ముందే టెర్మినల్ మూత తీయించి చూడండి. ఆరు తీగలు బయటికి వచ్చి ఉంటే మార్చడం ఐదు నిమిషాల పని. మూడే ఉంటే వైండింగ్ మనిషి లోపలి ముడి విప్పి మిగతా మూడూ బయటికి తీయాలి, ఆ కూలి కూడా లెక్కేసి బేరం చేయండి.

డెల్టాలో ఆంపియర్లు ప్లేటు మీదున్న స్టార్ ఆంపియర్లకి 1.73 రెట్లవుతాయి, డ్రైవ్‌ని హార్స్ పవర్ చూసి కాక ఆ ఆంపియర్లు చూసి కొనండి. సింగిల్ ఫేజు వైపు అంతకు రెట్టింపు దాకా లాగుతుంది కాబట్టి మీటరు దగ్గర నుంచి విడిగా లైను వేయించి, ఎర్తింగ్ సరిచూపించండి. డబ్బు తీసుకుని పిండి ఆడదలిస్తే ఇంటి కనెక్షన్ చెల్లదు, కరెంటు ఆఫీసులో ముందే అడగండి. ఆపడానికి డ్రైవ్ మీదున్న బటనే వాడాలి. డ్రైవ్‌కి మోటారుకి మధ్య స్విచ్ పెట్టి దాన్ని ఆపేస్తుంటే డ్రైవ్ పోతుంది. గింజలు మర పూర్తి వేగం అందుకున్నాకే పోయండి. ఉల్టా తిరిగితే కంగారు పడొద్దు, డ్రైవ్ నుంచి మోటారుకి వెళ్లే మూడు తీగల్లో ఏ రెండైనా అటూ ఇటూ మార్పిస్తే సరి. మెయిన్ ఆపి, పది నిమిషాలు ఆగాక.